హాల్ టికెట్ మోసిన తాబేళ్లు

జంతుశాస్త్రం చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "పెద్దయ్యా, మీ కాలంల ఫీల్డు పని ఎట్లుండె?" అని అడుగుతరు. నేను చెప్తుంటే వాళ్లు రాసుకుంటరు. ఈసారి నేనే రాస్తున్న. నాకు రాత నలభై దాటినంక వచ్చింది, గందుకే అక్షరాలు పెద్దపెద్దగ పడుతయి. చదివేటోళ్ల కండ్లకు మంచిదే.

యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగంల నేను ఫీల్డు అటెండర్‌ను. అంటే సారు పామును చూపిస్తే నేను పట్టాలె. సారు దాని గురించి పిల్లలకు గంటసేపు చెప్తుంటే, ఆ గంటసేపు నేను దాన్ని పట్టుకొని నిలబడాలె. తెలివైన పనుల ముచ్చట్లు మీకు మీ ప్రొఫెసర్లు చెప్తరు. నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్త. మీకు అదే ఎక్కువ పనికొస్తది.

తొంభైల నడుమ సంగతి. మా విభాగంల ఒక రీసెర్చ్ స్కాలర్ ఉండె. గోదావరి దిక్కు పిల్ల, తార్నాకల ఒక మేడ మీద గది కిరాయికి తీసుకొని ఉండేది. నన్ను "బాబాయ్" అని పిలిచేది. నేను నలుగురిల "మేడమ్" అందును, మర్చిపోతే "బిడ్డా" అందును. హాస్టళ్ల వెనక కుంటల తాబేళ్ల మీద ఆమె పరిశోధన. అవి యాడ తింటయి, యాడ పంటయి, ఎండకు ఏ బండ ఎక్కుతయి అన్నీ ఆరేండ్లు కూసోని రాసింది. ఒక్క చాప్టర్ మిగిలింది: మొత్తం ఎన్ని ఉన్నయి?

ఆమె గైడు ప్రొఫెసరు జూన్‌ల రిటైర్ అయితున్నడు. ఆ లోపల థీసిస్ ఇయ్యకపోతే ఆమెను ఇంకో సారు కిందికి మారుస్తరు. ఆ సారుది దోమల పని. తాబేలు అంటే మొఖం అటు తిప్పేటాయన. అంటే ఆరేండ్ల పని అటకెక్కుతది, పిల్ల మళ్ల దోమల కాడ మొదలుపెట్టాలె.

కుంటల నీళ్లు తోడేసి తాబేళ్లను లెక్కబెట్టలేం. దానికొక ఉపాయం ఉన్నది. పెండ్లికి ఎంతమంది వచ్చిండ్రో తెల్వాలంటే, వచ్చినోళ్లల్ల నలభై మందికి బొట్టు పెట్టి ఇడిసిపెట్టు. అందరు కలిసిపోయినంక బంతిల కూసున్నోళ్లను చూడు. సగం మందికి బొట్టు ఉంటే వచ్చింది ఎనభై మంది. తాబేళ్లకు గూడ అంతే. ఎండు చేపలు, కోడి పేగులు పెట్టిన బుట్టవలలు దించి పట్టాలె, వీపు మీద నంబరు వేసి ఇడవాలె, కొన్ని దినాలు ఆగి మళ్ల పట్టాలె. మేడమ్ ఇదంతా నాకు ఇంగ్లీషు పేరుతోటి చెప్పింది. నేను బొట్లు అని యాదిపెట్టుకున్న.

నంబర్లకు రంగు కావాలె. ఆయిల్ పెయింటు ఆరేదాక తాబేలు కూసోదు. గోళ్ల రంగు అయితే రెండు నిమిషాలు. మేడమ్ నన్ను తార్నాక ఫ్యాన్సీ షాపుకు పంపింది.

"ఏ కలర్ కావాలె అంకుల్?" అన్నది కౌంటర్ల పిల్ల.

"ఏదైనా మంచిదే. నీళ్లల్ల పోవద్దు."

"ఎవరికి? తెలుపుంటరా, చామనచాయనా?"

"నలుపు. వీపు గట్టిగుంటది."

ఆ పిల్ల నా మొఖం దిక్కు ఒకసారి చూసి ఎర్రవి నాలుగు సీసాలు ఇచ్చింది.

పని నడుస్తుండంగ ఒక సీసా అంగి జేబుల ఉండిపోయింది. మాణికేశ్వర్ నగర్‌ల మా ఇంట్ల అంగి ఉతకబోయిన మా ఇంటామెకు దొరికింది.

"ఎవతె అది?" అన్నది.

"తాబేలు."

"తిట్టుమన్ననా? పేరు చెప్పుమన్న."

"పేరు లేదు, నంబరే. ఇప్పటికి ఇరవై రెండు అయినయి."

ఆ పూట నాకు బువ్వ పుట్టలే. తెల్లారి ఆమెను కుంట కాడికి తోలుకపోయి, ఇరవై మూడో దాన్ని పట్టి, ఆమె కండ్ల ముందర్నే నంబరు వేసిన. ఆమె చూసింది. "ఇన్నేండ్లల్ల నాకు ఒక్క సీసా తేలే" అన్నది, ఇంటికి పోయింది.

హాస్టల్ మెస్సు కాలువ ఆ కుంటలనే పడుతది. అన్నం మెతుకుల కోసం తాబేళ్లు కాలువ మూతి కాడ కుప్పబడుతయి. దారి గూడ అటే. వచ్చేటోడు, పోయేటోడు ఆగి, "నంబర్లేంది?" అని అడిగేటోడే. మొదటి దినం పెండ్లి, బొట్లు, బంతి అన్నీ ఇడమర్చి చెప్పిన. రెండో దినం చెప్పిన. ఐదో దినానికి నాకు యాష్టకొచ్చింది. చంకల పుస్తకాలు పెట్టుకొని ఇద్దరు హాస్టల్ పిల్లలు వచ్చిండ్రు.

"కాకా, ఈ నంబర్లేంది?"

"హాల్ టికెట్ నంబర్లు."

"ఎవలవి?"

"మొక్కుకున్నోళ్లవి. తాబేలు వీపు మీద రాసి ఇడిస్తే నిమ్మలంగ పాసు చేయిస్తదంట."

"ఒట్టు?"

"నిరుడు రాసినోడు బ్యాంకుల కూసున్నడు పో."

వాళ్లు నవ్విండ్రు. నేనూ నవ్విన. ముచ్చట ఆడికే అయిపోయింది అనుకున్న.

నలభై తాబేళ్లకు నంబర్లు వేసి, మూడు వారాలు బుట్టలు దించకుండ ఊకున్నం. నంబరున్నవి, లేనివి బాగ కలిసిపోవాలె కద. ఆ మూడు వారాలల్ల తాబేళ్లు కలిసిపోయినయో లేదో గని, నా మాట తార్నాక అంతా కలిసిపోయింది.

ఈడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలె. మా బస్తీల పొద్దుమీకి పెద్దోళ్లకు చదువు చెప్పే క్లాసు పెట్టిండ్రు. నలభై ఒక్క ఏండ్లకు ఆడ పలక పట్టిన. ఐదేండ్లకు ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగ కట్టిన. అటెండర్ నుంచి రికార్డు అసిస్టెంట్ కావాలంటే అది పాసు గావాలె. విభాగంల ఎవ్వలకు చెప్పలే. పాసైతే చెప్తం, ఫెయిలైతే చెప్పే పనే ఉండదు అని నా ఆలోచన. తెలుగుకు భయం లేదు. లెక్కలు తలుచుకుంటే మాత్రం చెమట.

హాల్ టికెట్ చేతికొచ్చిన దినం తార్నాకల ఛాయ్ తాగుతున్న. పక్క బల్ల కాడ ఒక కోచింగ్ పిల్లగాడు నా ఖాకీ చూసి జరిగి కూసున్నడు.

"కాకా, యూనివర్సిటీల పని చేస్తవా? ఆడ కుంటల తాబేళ్లున్నయట గద?"

"ఉన్నయి. అయితే?"

వాడు గొంతు తగ్గించిండు. "వాటి మీద హాల్ టికెట్ నంబరు రాస్తే పాసైతరట. మా సెంటర్ల పది మంది రాసిండ్రు. పది మందికి రిటెన్ అయింది."

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలో పెద్దాయన. బాగ తెలిసినాయనట."

ఆ బాగ తెలిసినాయన నేనే. నాకు తెలుసు. ఆ మాట పుట్టిన జాగా తెలుసు, పుట్టించిన నోరు తెలుసు. అయినా నా చేతిల ఛాయ్ సల్లారింది. అబద్ధమైతే మాత్రం, పది మంది పాసైండ్రు గద!

తెల్లారి మాపటాల కుంట కాడికి పోయిన. కాలువ మూతి కాడ ఇరవై మూడో నంబరు మెస్సు అన్నం తింటున్నది. తిండి కనబడితే మనిషిని పట్టించుకోని రకం అది. కొత్తదాన్ని పట్టి రాయొచ్చు గద అని మీరంటరు. ఆ పూట కొత్తది దొరకలే. బ్లేడుతోటి ఇరవై మూడు గీకేసిన, నా హాల్ టికెట్ నంబరు రాసిన. ఒక్కటే గద, నాకు యాదుంటది అనుకున్న. మిగిలినోళ్లు గూడ ఒక్కొక్కలు 'ఒక్కటే గద' అనుకున్నరని నాకేం తెలుసు?

మూడు వారాలు నిండినయి. మళ్ల బుట్టలు దించినం. మేడమ్ గట్టు మీద రిజిస్టర్ పట్టుకొని కూసున్నది. మొదటి బుట్ట లేపి తాబేలును బయటికి తీసిన.

"నంబర్ చదవండి బాబాయ్."

"రెండు... ఆరు... సున్న... నాలుగు..."

"బాబాయ్, మనం వేసింది నలభై దాకానే కదా?"

"ఇంక మూడంకెలు మిగిలినయి మేడమ్."

ఆమె గట్టు దిగి వచ్చింది. రెండో బుట్టల ఇంకోటి, గులాబీ రంగుది. మూడో దాన్ల తెల్లది, పరీక్ష కాయితాల మీద తప్పులు దిద్దే వైట్‌నర్‌తోటి రాసింది. ఒకదాని మీద నంబరు కింద "ఫస్ట్ క్లాస్ వద్దు, పాసు చాలు" అని రాసుంది. ఇంకోదాని మీద నడుమ గీత గీసి రెండు నంబర్లు, అటు "అన్న", ఇటు "తమ్ముడు". మేడమ్ నవ్వుడు మొదలుపెట్టింది. ఐదో తాబేలు దాక పొట్ట పట్టుకొని నవ్వింది. పదో దాని కాడ నవ్వు ఆపింది.

మొత్తం ముప్పై ఆరు తాబేళ్లు దొరికినయి. మా నంబరు సాఫుగ ఉన్నవి ఐదే. ఏ రాతా లేనివి పదిహేడు. హాల్ టికెట్లు మోసేవి పద్నాలుగు. ఆ పద్నాలుగింట్ల ఏది మా నంబరు గీకేసి రాసిందో, ఏది కొత్తదో తెల్వది. బ్లేడు గీతల్ల ఏమీ కనబడుత లేదు. బొట్టు తుడిచినోళ్లెవలో తెల్వకపోతే బంతిల లెక్క ఎట్ల చేస్తవు?

"ఎవరు చేశారు బాబాయ్ ఇది? వీళ్లకి ఇలాంటి ఆలోచన ఎలా వచ్చింది?"

నేను మాట దాచుకునే మనిషిని కాను. జోకు సంగతి చెప్పేసిన.

"మీరా?" అన్నది. రిజిస్టర్ మూసేసింది. తిడితే బాగుండు.

జోకు సంగతి చెప్పిన గని నా తాబేలు సంగతి చెప్పలే. మాట దాచుకోను అన్న గద, ఆ ఒక్కటి దాచిన.

"మేడమ్," అన్న, "హాల్ టికెట్ నంబరంటే దాని ఎనక ఒక మనిషి ఉంటడు. పద్నాలుగు మందిని పట్టుకొని అడుగుదాం. నీ తాబేలు వీపు మీద ముందుగాల నంబరుండెనా లేదా అని."

"తాబేళ్లని పట్టినట్టు పట్టేస్తారా వాళ్లని?"

"వీళ్లను పట్టుడు ఇంక అల్కటి పని. వీళ్లకు పేగులు పెట్టే పని లేదు."

మేడమ్ పోయి గైడుకు చెప్పింది. గైడు ఒక షరతు పెట్టిండు. ప్రతి ఒక్కరు కింద ఏ నంబరుండెనో చీటీ మీద రాసి, పేరు పెట్టి, సంతకం చేయాలె. పద్నాలుగు చీటీలు రావాలె. ఒక్కటి తక్కువైనా ఆ చాప్టర్ మీద ఆయన సంతకం ఉండదు.

మూడు దినాలు నా సైకిల్ మీద తిరిగిన. జేబుల నంబర్ల కాయితం. ఆ కాయితం మీద పద్నాలుగోది నాదే. నన్ను నేనే వెతుక్కుంట తార్నాకంతా తిరుగుతున్న అన్నమాట.

ఒక కోచింగ్ సెంటర్ల సారు పాఠం చెప్తుంటే లోపలికి పోయి, "ఈ నంబరు ఎవలది?" అన్న. పరీక్షల ఆఫీసు నుంచి వచ్చిన అనుకొని క్లాసంతా లేచి నిలబడ్డది. సారు గూడ చాక్‌పీసు కింద పెట్టిండు. ఎనక బెంచీ పిల్లగాడు ఒకడు కిటికీల నుంచి దుంకి ఉరికిండు. నేను ఎంబడి పడ్డ.

"ఆగు బిడ్డా! నీ తాబేలు గురించి మాట్లాడాలె!"

బస్టాపుల నిలబడ్డోళ్లంతా వాణ్ని వదిలేసి నన్ను చూసిండ్రు. వాడు ఆగిండు. ఆయాసపడుకుంట, "దానికేమన్నా అయిందా కాకా?" అన్నడు. పాపం, మంచి పిల్లగాడు. వాని తాబేలుకు ముందుగాల నంబరు లేదట.

లేడీస్ హాస్టల్ గేటు కాడ వాచ్‌వుమన్ అడ్డం నిలబడ్డది.

"ఆడపిల్ల నంబరు నీకెందుకు?"

"ఆమె తాబేలు మా కాడున్నది."

"ఉంచుకో పో."

అరగంట బతిమిలాడితే లోపలికి చీటీ పంపింది. సంతకమైన చీటీ వచ్చింది, దాని ఎంబడి ఇంకో నాలుగు కొత్త నంబర్లు వచ్చినయి, "మావి కూడా రాయండి అంకుల్" అని.

వారాసిగూడల ఒకడు దొరికిండు. వాని తాబేలు మీద మా ఇరవై ఏడు ఉండెనట. "రెండూ ఏడూ కూడితే తొమ్మిది. నాకు తొమ్మిది పడదు. గందుకే గీకిన" అన్నడు. అన్నాదమ్ముల కాడికి పోతే, ఎవలు గీకిండ్రని వాళ్లు నా ముందర్నే కొట్లాడిండ్రు. రెండు సంతకాలతోటి ఒకటే చీటీ ఇచ్చిండ్రు.

పదమూడు చీటీలు జమైనయి. ఆరింటి మీద మా నంబరుండెనట, ఏడింటి మీద ఏం లేదట. పద్నాలుగో చీటీ నేను రాసి, ఎవలో పిల్లగాని పేరు పెట్టొచ్చు. ఆ ఆలోచన రాలేదు అంటే అబద్ధం. కానీ దొంగ సంతకం పెట్టేంత రాత నాకప్పటికి రాలే. మా విభాగంల అంత పెద్దక్షరాలు రాసేటోణ్ని నేనొక్కణ్నే.

శుక్రవారం గైడు గదికి పిలిచిండు. నాకు పరీక్షలు వచ్చే సోమవారం నుంచి. సారు బల్ల మీద చీటీలు పేకముక్కల లెక్క పరిచిండు. మేడమ్ ఎదురుంగ కుర్చీల కూసున్నది, చేతులు ఒళ్లె పెట్టుకొని. నేను తలుపు కాడ.

"ఈ పద్నాలుగోది ఏ పరీక్ష?" అన్నడు సారు. కాయితం దగ్గరికి పెట్టుకొని చూసిండు. "ఓహో. ఇది ఏడో తరగతిది. మా మనమని హాల్ టికెట్ గూడ ఇట్లనే ఉన్నది."

"ఎవరో బడి పిల్లాడు అయ్యుంటాడు సార్," అన్నది మేడమ్. "వాడి తాబేలు మనదైతే మొత్తం నూట ఇరవై వస్తుంది. కాకపోతే నూట ముప్పై ఒకటి."

అప్పుడు నా చెవులు నిక్కినయి. నేను నోరు మూసుకుంటే, లేని తాబేళ్లు పదకొండు ఆ కుంటల పుడుతయి. లేకుంటే చాప్టరే పోతది, పిల్ల దోమల కాడికి పోతది.

సారు నా దిక్కు తిరిగిండు. "నువ్వు పోయి వాని బడి కనుక్కో. హెడ్మాస్టర్‌కు చెప్పి వానికి రెండు తగిలియ్యమను. తర్వాత చీటీ రాయించుకరా."

"హెడ్మాస్టర్ తగిలియ్యడు సార్."

"ఎందుకు?"

"వాడు హెడ్మాస్టర్ కంటె పెద్దోడు. నలభై ఆరేండ్లు."

"ఎవడయ్యా వాడు?"

"తలుపు కాడ నిలబడ్డడు సార్."

సారు తలుపు దిక్కు చూసిండు. నా ఎనక ఇంకెవలన్న ఉన్నరేమో అని తల వంచి గూడ చూసిండు. ఎవ్వలు లేరు. మేడమ్‌కు ముందుగాల అర్థమైంది. రెండు చేతులతోటి నోరు మూసుకున్నది.

"నువ్వు ఏడో తరగతి రాస్తున్నవా?"

"అవు సార్."

"ఈ హాల్ టికెట్ కత పుట్టించింది నువ్వే గద?"

"నేనే సార్."

"నువ్వే పుట్టించి, నువ్వే నమ్మినవా?"

"పది మంది పాసైండ్రు అన్నరు సార్."

సారు అద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు. భుజాలు కదులుతున్నయి. కోపమేమో అనుకున్న. మేడమ్ గట్టిగ నవ్వేసరికి ఆయన గూడ ఆపుకోలేకపోయిండు. ఇద్దరు నవ్వుతుంటే నేను నిలబడ్డ. పామును పట్టుకొని నిలబడ్డ దినాలే నయమనిపించింది.

"కింద నంబరు?" అన్నడు సారు, కండ్లు తుడుచుకుంట.

"ఇరవై మూడు."

"గ్యారంటీనా?"

"ఆ నంబరు వేసేటప్పుడు మా ఇంటామె పక్కనుండె సార్. మర్చిపోనియ్యది."

చీటీ రాసిన. పేరు రాసిన, సంతకం పెట్టిన. సారు దాన్ని పదమూడింటి పక్కన పెట్టిండు. మేడమ్ లెక్క మొదలుపెట్టబోతే, సారు చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఆగు. నీకు లెక్కల పరీక్ష ఎప్పుడయ్యా?"

"బుధవారం సార్."

"త్రైరాశికం వచ్చునా?"

"వస్తే తాబేలు కాడికి ఎందుకు పోత సార్?"

ఆయన చాక్‌పీసు నా చేతిల పెట్టి బోర్డు దిక్కు చూపించిండు. "నంబరు వేసినవి నలభై. రెండోసారి పట్టినవి ముప్పై ఆరు. అండ్ల మనవి పన్నెండు. మొత్తం ఎన్ని? చెయ్యి."

మూడంకెలు రాసిన. ఆడనే ఆగిన. బోర్డు నల్లగ, తాబేలు వీపు లెక్క కనబడ్డది. చెమట కారుతున్నది.

"బొట్లు బాబాయ్," అన్నది మేడమ్ మెల్లగ.

బొట్లు. బంతిల ముప్పై ఆరు మంది కూసున్నరు. పన్నెండు మందికి బొట్టున్నది. అంటే ముగ్గురిల ఒకరికి. నేను పెట్టింది నలభై మందికి. అంటే వచ్చింది నలభైకి మూడింతలు. బోర్డు మీద 120 అని రాసిన. నా రాత పెద్దది గద, బోర్డు సగం నిండింది.

"ఇదేనయ్యా త్రైరాశికం," అన్నడు సారు.

"గింతేనా సార్?" అన్న.

మేడమ్ తన కాయితం మీద సొంతంగ చేసి చూసుకున్నది. అంతే వచ్చింది. సారు పెన్ను తీసి చాప్టర్ మీద సంతకం పెట్టిండు. ఆ పిల్ల ఇంకా నవ్వుతనే ఉన్నది, మధ్యల ఒకసారి చున్నీతోటి కండ్లు ఒత్తుకున్నది. జూన్ రాకముందే థీసిస్ ఇచ్చేసింది. దోమల సారు మొఖం చూసే అవసరం పడలే.

బుధవారం లెక్కల పేపర్ రాసిన. ఫలితాలు వచ్చినంక మేడమే పరుగెత్తుకుంట వచ్చి అడిగింది.

"బాబాయ్, పాసా?"

"లెక్కల్ల మంచి మార్కులే వచ్చినయి. హిందీల పోయిన."

"హిందీలోనా! రోజూ మార్కెట్‌లో ఉర్దూలో బేరమాడతారుగా?"

"బేరం నోటితోటి ఆడుత బిడ్డా. పరీక్ష రాతతోటి పెట్టిండ్రు."

మళ్ల ఏడాది హిందీ ఒక్కటి కట్టిన. పాసైన, రికార్డు అసిస్టెంట్‌నైన. ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా మీ అసొంటి పిల్లలు అడిగేది ఒకటే: రెండోసారి పరీక్షకు ముందు గూడ కుంట కాడికి పోయినవా అని. పోలే. పోలేదనే రాసుకోండి.